సోమవారం కథ

తూకం మిషను ఎక్కిన సాంబమూర్తి ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్నాడు. అలా చేస్తే బరువు తగ్గదని జంపయ్య ఎన్నిసార్లు చెప్పినా ఆయన మానడు. శుక్రవారం నుంచి సోమవారం దాకా తాగిన నీళ్లన్నీ ఒంట్లోనే నిలిచి ఉంటాయి. అవి ఎక్కువైతే టెక్నీషియన్ కిషోర్ కోప్పడతాడు. బతుకంతా బొగ్గు బాయిలో పనిచేసి రిటైరైన మనిషి, కొడుకు వయసున్న కిషోర్ ముందు బడిపిల్లాడిలా తల దించుకుంటాడు. జంపయ్య అంకె చూసి పైకి చదివాడు. వెంటనే, నిన్న ఎండ గట్టిగా కొట్టిందనీ, ఎవరికైనా దూప అవుతుందనీ ఓ మాట కలిపాడు. కిషోర్ కోప్పడకుండా సూదులు సర్దుకున్నాడు.

పాల్వంచలోని ఆ దవాఖానాలో డయాలసిస్ వార్డు వెనక వరండా చివర ఉంటుంది. గోడ పొడవునా మంచాలు, మంచానికో మిషను. మందు వాసన, తడిగచ్చు వాసన, ఎండాకాలంలో కూడా వణికించే ఏసీ చలి. ఉన్న ఒక్క కిటికీలోంచి థర్మల్ కరెంటు కేంద్రం పొగగొట్టం కనిపిస్తుంది. జంపయ్య ఇక్కడ అటెండరు. కాంట్రాక్టు ఏజెన్సీ వాళ్లిచ్చిన నీలం చొక్కా ఆయనకు బాగా వదులు. దాని చేతులు మోచేతుల పైదాకా మడుచుకుంటాడు. పొట్టి మనిషి. మిషన్లలో పోసే మందునీళ్ల డబ్బాలు మోసీ మోసీ ఒక భుజం కిందికి వాలింది. తల పూర్తిగా నెరిసినా కనుబొమలు మాత్రం ఇంకా నల్లగానే ఉన్నాయి. నడిస్తే చప్పుడు కాదు. కళ్లు మూసుకుని పడుకున్న రోగులకు ఆయన మంచం దగ్గరికి వచ్చిన సంగతి దుప్పటి సర్దినప్పుడే తెలుస్తుంది.

ఆయనకు అంకెలు వచ్చు, అక్షరాలు రావు. ఆ అంకెలు కూడా చిన్నప్పుడు బీడీల తునికాకు కట్టల దగ్గర నేర్చుకున్నవి. తునికాకు పని తర్వాత థర్మల్ బూడిద చెరువు గట్టు మీద కూలి, ఆ తర్వాత రోడ్డు పని, చివరికి ఈ వార్డు. ఎక్కడా ఎవరితోనూ గొడవపడలేదు. మానేసి వచ్చాక ఎక్కడా ఎవరూ ఆయన పేరు తలుచుకున్నదీ లేదు. ఒక్కగానొక్క బిడ్డను దమ్మపేట దగ్గర ఇచ్చాడు. ములకలపల్లి వైపు, రోడ్డు దిగి అడవిలోకి పోతే వచ్చే కోయగూడెం జంపయ్య వాళ్లది. ఇంట్లో భార్య కొండమ్మ, చూపు పోయిన తల్లి వెంకమ్మ.

సోమవారం పొద్దున వార్డు మిగతా రోజుల్లా ఉండదు. రెండో మంచం మీద భాను, మూడో మంచం మీద సతీష్ చేరగానే కబుర్లు మొదలవుతాయి. భాను కంపెనీ కాలనీ పిల్ల. డిగ్రీ మధ్యలో ఉండగా కిడ్నీలు పోయాయి. సతీష్ థర్మల్‌లో కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్‌గా చేసేవాడు. స్తంభాలెక్కిన చేతులు ఇప్పుడు పుల్లల్లా అయ్యాయి. ఈ ఇద్దరికీ, కిషోర్‌కీ ఒకటే పిచ్చి. జపాన్‌లో ఇసొమురా అనే ఒకాయన వారం వారం గీసే బొమ్మల కథ. మాంగా అంటారట. ప్రతి ఆదివారం సాయంత్రం కొత్త భాగం ఇంగ్లీషులో ఫోన్లోకి వస్తుంది. అది చదివి, సోమవారం నాలుగు గంటలు రక్తం మిషనులో తిరుగుతున్నంతసేపూ దాని గురించే మాట్లాడుకుంటారు.

కథ పేరు కొలిమి. యుద్ధం ముగిసిన దేశంలో ఊళ్లన్నీ పాడుబడ్డాయి. కొలుములు చల్లారిపోయాయి. సుజు అనే కమ్మరి పిల్ల తాత చనిపోతూ అడిగిన మాట కోసం ఊరూరూ తిరిగి ఆ కొలుములు మళ్లీ ముట్టిస్తుంది. ఆ పిల్లకు తల్లీ తండ్రీ లేరు, తోబుట్టువులు లేరు. భుజాన సుత్తె, వెంట ఒక కుంటి గాడిద. అంతే. జంపయ్య నోటికి సుజు తిరగలేదు. సూజమ్మ అనేవాడు. సోమవారాల్లో ఆయన దుప్పట్లు మార్చడం, గచ్చు తుడవడం ఆ రెండు మంచాల దగ్గర మాత్రం నిదానంగా సాగేది. మధ్యలో ఏదైనా అర్థం కాకపోతే ఆగి అడిగేవాడు. సతీష్ విసుక్కోకుండా మళ్లీ చెప్పేవాడు.

ఈ సోమవారం ఇద్దరూ వచ్చారు కానీ మాటలు లేవు. భాను కళ్లు ఉబ్బి ఉన్నాయి. సతీష్ గోడవైపు తిరిగి చేయి చాపాడు. కిషోర్ సూది గుచ్చేటప్పుడు ఎప్పుడూ వేసే జోకు కూడా వేయలేదు. గచ్చు తుడుస్తున్న జంపయ్య గుడ్డ పిండడం ఆపేశాడు. ఈ వార్డులో ఇలాంటి నిశ్శబ్దానికి ఒకటే అర్థం. ఏదో ఒక మంచం ఖాళీ అయి ఉంటుంది. ఆయన మంచాలన్నీ ఒకసారి కలయజూశాడు.

"ఎవరు పోయిండ్రు?" అని మెల్లగా అడిగాడు.

"ఎవరు పోలే కాకా," అంది భాను. "కథ పోయింది."

నిన్న వచ్చిన భాగం చివరి పేజీలో, బొమ్మ కింద చిన్న అక్షరాల్లో రెండు వాక్యాలున్నాయట. వచ్చే వారంతో కొలిమి ముగుస్తుంది. ప్రతి వారం ఎదురుచూసిన వాళ్లందరికీ నమస్కారం. కారణం రాయలేదు. ముందుగా ఎక్కడా చెప్పలేదు. భాను ఆ పేజీని మొదట నమ్మలేదు. ఎవరో కొంటె వాళ్లు కలిపారనుకుంది. తర్వాత దేశదేశాల వాళ్లు ఏడుస్తూ, తిడుతూ రాసినవి చదివి తనూ ఏడ్చింది. కిషోర్ అయితే ఇప్పటికీ నమ్మలేకపోతున్నాడు. జపాన్‌లో ఈ ఏడాది దానికంటే ఎక్కువ అమ్ముడయ్యే కథే లేదు. దిగజారుతున్నది ఆపితే అర్థముంది, శిఖరం మీద ఉన్నది ఎవరు ఆపుతారు?

సాంబమూర్తికి బొమ్మల కథలంటే చులకన. అయినా ఆయన కూడా దిండు మీంచి లేచి కూర్చున్నాడు. వయసులో ఉన్నప్పుడు ఆయనకూ ఈ పిచ్చి ఉండేది. నైట్ షిఫ్ట్ దిగి ఇంటికి పోకుండా కొత్తగూడెం బస్టాండులో వారపత్రిక కట్ట విప్పేదాకా నిలబడేవాడు. సీరియల్ చదివాకే నిద్ర. ఒకసారి ఒక రచయిత హీరోయిన్ను లోయలో పడేసి అక్కడితో ఆపేశాడనీ, ఆ వారమంతా బాయిలో అందరూ ఆ లోయ గురించే మాట్లాడుకున్నారనీ చెప్పాడు. ఒక సీరియల్ హిట్టయిందంటే అదృష్టం, రెండోది హిట్టయిందంటే తెలివి, మూడోదీ హిట్టయిందంటే దాన్ని ఏమనాలో తనకు తెలియదన్నాడు.

దాంతో పాత తగాదా మళ్లీ లేచింది. ఇసొమురా మొదటి కథ పడవదొంగల గురించి. పన్నెండేళ్లు నడిచింది. అది ముగిశాక ఆయన పని అయిపోయిందన్నారు. రెండోది కొండ మీది బడి కథ. అదీ తొమ్మిదేళ్లు నడిచింది. మూడోసారి కమ్మరి పిల్ల అంటే, ఎవరు చదువుతారని నవ్వారు. ఆరు నెలల్లో అందరినీ దాటిపోయింది. ఒకే మనిషికి ప్రతిసారీ ఎలా సాధ్యం? కిషోర్ లెక్కలో అది వెనకున్న మనుషుల బలం. గీతలు గీసే సహాయకులు, తప్పులు చెప్పే ఎడిటర్లు. భాను ఒప్పుకోదు. అంతే బలగం ఉన్నవాళ్లు ఒక కథతోనే కనుమరుగైపోయారు కదా అంటుంది. ఆయన పక్కపాత్రల్ని కూడా ఇంటి మనుషుల్లా చూస్తాడనీ, గాడిదకు కూడా ఒక కథ ఉంటుందనీ, రహస్యం అదేననీ ఆమె వాదన.

సతీష్ గోడవైపు నుంచి తిరక్కుండానే మాట్లాడాడు.

"నెత్తిన పెట్టుకున్నం గదా. నడిమిట్ల దిగిపోతడా?"

అది కోపంలా లేదు. ఇంట్లో వాళ్లెవరో చెప్పకుండా వెళ్లిపోతే అడిగినట్టుంది.

జంపయ్యకు తన చేతిలో తడిగుడ్డ ఇంకా ఉందని అప్పుడు గుర్తొచ్చింది. ఒక్క వారంలో సూజమ్మ కథ ఎట్లా అయిపోతుందని భానును అడిగాడు. ఇంకా చాలా ఊళ్లు మిగిలాయి కదా. భాను ఫోను తీసి, ఖాళీగా ఉన్న చేత్తో పేజీలు జరిపి, చివరి పేజీ ఆయన ముఖం ముందు పెట్టింది. ఇన్నేళ్లుగా కథ విన్నాడే గానీ ఆయన బొమ్మ అడిగింది లేదు, వాళ్లు చూపించిందీ లేదు.

తెల్లటి మంచులో ఒక పిల్ల వెనక్కి తిరిగి చూస్తోంది. కోసు ముఖం, ముఖంలో సగం కళ్లే, గాలికి ఎగిరే పొట్టి జుట్టు. జంపయ్య ఫోను దగ్గరికి వంగి, మళ్లీ దూరం జరిగి చూశాడు.

"గీమెనా సూజమ్మ?"

"అవ్ కాకా."

జంపయ్య మనసులో ఉన్న పిల్ల వేరు. నల్లటి పిల్ల, నుదుట పచ్చబొట్టు, కొప్పులో అడ్డంగా ఒక పుల్ల, కాళ్లకు మట్టి. సుత్తె ఎత్తితే భుజం మీద నరం కనిపించే పిల్ల. ఆ సంగతి చెబితే భాను మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు చూసి ఆయనా నవ్వాడు. కానీ గచ్చు తుడుస్తూ మధ్యమధ్యలో తల అడ్డంగా ఊపుకుంటూనే ఉన్నాడు.

నాలుగు గంటలూ గడిచాయి. కిషోర్ సతీష్ చేతి సూదులు తీశాడు. తీసిన చోట రక్తం ఆగేదాకా దూది పెట్టి నొక్కి పట్టడం జంపయ్య పని. సతీష్ ముంజేతి మీద రక్తనాళం తాడులా ఉబ్బి ఉంటుంది. దాని మీద వేలు పెడితే లోపల మోటారు తిరుగుతున్నట్టు సన్నగా అదురుతుంది. జంపయ్యకు ఆ అదురు ఇష్టం. తేనెపట్టున్న చెట్టు కాండానికి చెవి ఆనిస్తే తేనెటీగల చప్పుడు ఇలాగే ఉంటుందని ఒకసారి చెప్పాడు.

"బుధారం నేను రాను కాకా," అన్నాడు సతీష్.

జంపయ్య నొక్కిన వేలు తీయలేదు.

సతీష్ పైకి చూస్తూ చెప్పుకుపోయాడు. ఇసొమురా కథ అంటే తొమ్మిదేళ్లకు తక్కువ నడవదని తను లెక్క వేసుకున్నాడట. కిడ్నీ కోసం పేరు రాయించుకున్న వాళ్ల వరస కూడా పొడవే. ఈ కథ ముగిసే లోపల తన వంతు వస్తుందని, ఎవరికీ చెప్పకుండా రెండింటికీ ముడి పెట్టుకున్నాడు. ఇది పిచ్చితనమని తనకూ తెలుసు. కానీ ఆదివారం ఆ రెండు వాక్యాలు చదివాక ఎవరో స్విచ్ తీసేసినట్టయింది. వారానికి మూడుసార్లు అమ్మను వెంటేసుకుని వచ్చి, ఈ చలిలో పడుకుని, మళ్లీ నీళ్లు కొలుచుకుని తాగి... ఎందుకు? బుధవారం రాకపోతే శుక్రవారానికల్లా అంతా తేలిపోతుంది.

మామూలుగా అయితే జంపయ్య ఇలాంటి మాటలు కిషోర్‌కు చెప్పేవాడు. ఇప్పుడు కిషోర్ అవతలి మంచం దగ్గర ఉన్నాడు. జంపయ్యకు పెద్ద మాటలు రావు.

"ఒగటి అయిపోయినంక ఇంకోటి గీసిండు గదా. అదీ అయిపోయినంక ఇది గీసిండు. మల్ల గీయడా?"

"గీస్తడేమో. ఎప్పుడో. అప్పటిదాక నేనుండాల్నా?"

"ఉండాలె," అన్నాడు జంపయ్య. "నాకు సదువు రాదాయె. నువ్వు లేకపోతే నాకెవరు చెప్తరు?"

సతీష్ ఆయన ముఖంలోకి చూశాడు. ఓదార్పు కోసం అన్న మాటలా లేదది. నిజంగానే తన ఇబ్బంది చెప్పుకుంటున్నట్టు, కాస్త కంగారుగా అన్నాడు. రక్తం ఆగింది. జంపయ్య ప్లాస్టరు అతికించి, దాని అంచులు రెండుసార్లు నిమిరాడు.

మధ్యాహ్నం రెండో షిఫ్టు రోగుల మంచాలు సిద్ధం చేసేటప్పుడు జంపయ్యకు రొమ్ములో మంట పుట్టింది. పొద్దున తిన్న మిరపకాయ పచ్చడి అనుకున్నాడు. వాలిన భుజం ఎప్పుడూ నొప్పే. ఇవాళ రెండో భుజం కూడా లాగింది. చివరి డబ్బా మోస్తూ వరండాలో ఒకసారి ఆగి గోడకు ఆనుకున్నాడు. నర్సు శ్యామల అటుగా పోతూ ఏమైందని అడిగింది. గ్యాస్ అన్నాడు. డాక్టరుకు చూపించుకొమ్మంటే రేపు చూపించుకుంటానన్నాడు. ఇవాళ సోమవారం. సాయంత్రం బస్సు తప్పితే గూడెం చేరేసరికి చీకటి పడుతుంది. సోమవారం ఆయన పొద్దుండగానే ఇంట్లో ఉండాలి.

బస్సులో ఎడమవైపు కిటికీ దగ్గర సీటు దొరికింది. కండక్టరు మంగమ్మ ఆ రూట్లో చాలా కాలంగా చేస్తోంది. ఎక్కడ దిగుతాడో అడగకుండానే టికెట్ ఇచ్చింది. థర్మల్ గోడ దాటాక గాలి కాస్త చల్లబడింది. ఆకులు రాల్చిన టేకు చెట్లు, వాటి మధ్య పొగలా లేచిన దుమ్ము, అక్కడక్కడా తునికాకు కోసం కాల్చిన పొదల నల్లటి మచ్చలు. జంపయ్య కిటికీ ఊచకు తల ఆనించాడు.

ఇంట్లో ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నాడు. వచ్చే వారంతో అయిపోతుందంటే కొండమ్మ ఊరుకోదు. పక్కింటి ఆడవాళ్లు అసలే ఊరుకోరు. మంచులో నిలబడి వెనక్కి చూసిందని చెబితే, ఎందుకు చూసింది, ఎవరి కోసం చూసింది అని అడుగుతారు. ఎంత ఆలోచించినా ఒక్కటే తెగడం లేదు. సూజమ్మ అన్న ఇంకా ఇల్లు చేరలేదు. ఏ ఊళ్లో ఉన్నాడో కూడా తెలియలేదు. ఒక్క వారంలో ఎట్లా చేరతాడు? నడిచి వచ్చే దూరం కాదు. ఎవరైనా బండి ఎక్కించుకోవాలి. లేదా ఆ పిల్లే ఎదురు పోవాలి. ఎదురు పోతే బాగుంటుంది. ఊరి బయట వాగు దగ్గర...

మంట తగ్గినట్టే ఉంది. ఆయన కళ్లు మూసుకున్నాడు.

ఆయన దిగాల్సిన స్టేజీ వచ్చింది. బస్సు ఆగింది. మంగమ్మ ముందు నుంచే పిలిచింది. మళ్లీ పిలిచింది. నిద్రపోయాడనుకుని దగ్గరికి వచ్చి భుజం తట్టింది. తట్టిన చేయి అలాగే ఉంచి, డ్రైవరును ఇంజను ఆపమంది.

బుధవారం సతీష్ వచ్చాడు. అందరికంటే ముందే వచ్చాడు. మంగళవారమంతా ఫోను ముందు కూర్చుని ఇసొమురా గురించి దొరికిందల్లా చదివాడు. మొదటి కథ ముగిశాక ఆయన రెండేళ్లు ఎవరికీ కనిపించలేదట. ఎక్కడో పల్లెలో ముల్లంగి పండించాడట. రెండోది ముగిశాకా అంతే. అంటే కాకా అన్నదే నిజం. మళ్లీ గీస్తాడు. ఆ మాట చెప్పాలని ఆటో దిగినప్పటి నుంచీ తొందరపడుతున్నాడు.

తూకం మిషను దగ్గర ఎవరో కొత్త మనిషి ఉన్నాడు. బరువు పైకి చదవలేదు, కాగితం మీద రాసుకున్నాడు.

సోమవారం సాయంత్రం జంపయ్యను అంబులెన్సు ఇదే దవాఖానాకు తెచ్చిందనీ, తెచ్చేసరికే లేడనీ కిషోర్ చెప్పాడు. ఆ మాట చెబుతూ సతీష్ చేతికి పట్టీ కడుతున్నాడు. కట్టిన పట్టీ విప్పి మళ్లీ కట్టాడు. రాగానే విన్న భాను రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని మంచం అంచున కూర్చుండిపోయింది. ఇక్కడ చావు కొత్త కాదు. ఒక్కో మంచం మీద ఎవరెవరు ఉండేవారో, ఎప్పుడు రావడం మానేశారో వాళ్లకు తెలుసు. ప్రతి ఒక్కరూ తర్వాత తనేనేమోనని ఏదో ఒక రోజు అనుకున్నవాళ్లే. కానీ ఎవరూ, ఒక్కసారి కూడా, ఆ వరసలో జంపయ్యను చూడలేదు. మిషన్లు తిరగడం మొదలుపెట్టాయి.

"మనం గదా పోవాల్సింది," అన్నాడు సాంబమూర్తి. "మనం గదా."

ఆదివారం సాయంత్రం చివరి భాగం వచ్చింది. సతీష్ దాన్ని చదివాడు. బాగుంది. కానీ సోమవారం వార్డులో దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. కిషోర్ మాత్రం రేపు సెలవు పెట్టాననీ, గూడెం పోయి వస్తాననీ చెప్పాడు. తనూ వస్తానన్నాడు సతీష్. బండి మీద అంతదూరం వద్దని తల్లి అన్నా వినలేదు.

గూడెంలో ఇల్లు వెతకాల్సిన పని పడలేదు. దవాఖానా వాళ్లు వచ్చారని ఎవరో ముందే పరుగెత్తి చెప్పారు. మట్టి గోడల ఇల్లు, అలికిన అరుగు. అరుగు మీద గుంజకు ఆనుకుని వెంకమ్మ కూర్చుని ఉంది. చూపు లేని కళ్లు వాకిలి వైపు నిలిచి ఉన్నాయి. కొండమ్మ సన్నగా, పొడుగ్గా ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. కిషోర్‌కు చెంబు నిండా నీళ్లిచ్చింది. సతీష్‌కు మాత్రం చిన్న గిన్నెలో, రెండు గుక్కలే తెచ్చింది.

"మీకు నీళ్లు కొలతని చెప్పిండు," అంది.

సతీష్ ఆ రెండు గుక్కలు తాగి, తల వంచుకుని కూర్చున్నాడు. ఇంతలో ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఒక్కరొక్కరే వచ్చి అరుగు కింద కూర్చున్నారు. పరామర్శకు వచ్చినట్టు లేదు. దేనికోసమో కాచుకున్నట్టు ఉంది. తమలో తాము కోయలో ఏదో అనుకున్నారు. చివరికి కొండమ్మే అడిగింది.

"సూజమ్మ ఏమైంది కొడుకా?"

సతీష్ కిషోర్ వైపు చూశాడు.

కొండమ్మ చెప్పుకొచ్చింది. ప్రతి సోమవారం ఆయన ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుని ఈ అరుగు మీదే కూర్చునేవాడు. అత్తకు చెప్పడంతో మొదలైంది. చూపు పోయాక ఆమె ఎవరితోనూ మాట్లాడటం మానేసింది. అన్నం ముందు పెడితే తినేది, లేకపోతే లేదు. ఒక సోమవారం ఆయన ఊరికే ఈ కమ్మరి పిల్ల సంగతి ఎత్తితే, తర్వాత ఏమైందని అడిగిందట. అప్పటి నుంచి ఒక్క వారం తప్పలేదు. తర్వాత పక్కింటివాళ్లు చేరారు. ఇప్పుడు గూడెంలో సగం మంది వస్తారు. ఆయన పోయిన సోమవారం కూడా అందరూ ఇక్కడే కూర్చుని ఉన్నారు. బస్సు కోసం చూస్తున్నారు.

"దవాఖానల పిలగాడు సదివి చెప్తడు అనేటోడు. నువ్వే గదా?"

సతీష్ తల ఊపాడు. గొంతు సర్దుకుని చివరి భాగం చెప్పాడు. సూజమ్మ మంచు కొండ దిగి తన సొంత ఊరికి తిరిగి వచ్చింది. తాత కొలిమిలో బొగ్గు పోసింది, తిత్తి ఊదింది. నిప్పు లేచింది. ఊరివాళ్లు కొడవళ్లు, నాగళ్లు పట్టుకుని ఒక్కరొక్కరే వచ్చి వరస కట్టారు. ఆమె మొదటి నాగటి కర్రు తీసి నిప్పులో పెట్టింది. అక్కడితో అయిపోయింది. కొండమ్మ అతని మాటను ముక్కముక్కలుగా కోయలోకి మార్చి చెప్పింది. ఆడవాళ్లు విన్నారు. ఎవరూ లేవలేదు.

"మరి ఆమె అన్న?" అంది కొండమ్మ. "అన్న వచ్చిండా?"

కిషోర్ నోరు తెరిచాడు. సతీష్ అతని మోకాలి మీద చేయి వేసి గట్టిగా నొక్కాడు. కొలిమిలో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా సుజుకు అన్న లేడు. ఎక్కడా లేడు.

కొండమ్మకు అది తెలియదు. అన్న కోసమే కదా ఆ పిల్ల ఊరూరూ తిరిగింది అంటోంది. పనికని పోయిన అన్న. ఏ ఊళ్లో కొలిమి ముట్టించినా ముందు ఆ ఊరివాళ్లను అడిగేది, మా అన్నను చూశారా అని. ఒక ఊళ్లో అతని అంగీ దొరికింది. ఒక ఊళ్లో అతను తవ్విన బాయి దొరికింది. ఇంకో ఊరివాళ్లు మొన్నటిదాకా ఇక్కడే ఉన్నాడన్నారు. అది చెప్పిన సోమవారం ఎవరికీ నిద్ర పట్టలేదట.

"మా ఆయన అన్న, మా పెద్దబావ కూడ గట్లనే పోయిండు," అంది కొండమ్మ గొంతు తగ్గించి. "భద్రయ్య. బోరు బండ్ల ఎంబడి పోయిండు, మా పెండ్లి కాకముందే. మల్ల రాలే."

వెంకమ్మ ముఖం సతీష్ వైపు తిరిగి ఉంది. గుంజను పట్టుకున్న చేతి వేళ్లు కదలడం లేదు.

సతీష్ ఇన్నేళ్లూ ఇసొమురా గురించి వాదించాడు. ఒక మనిషి వారం వారం, ఏళ్ల తరబడి, జనాన్ని ఎలా కూర్చోబెడతాడని. దూది నొక్కి పట్టిన జంపయ్య చేతులు గుర్తొచ్చాయి. నాకెవరు చెప్తరు అన్న మాట గుర్తొచ్చింది. సతీష్ ఇంతవరకు ఒక్క కథ కూడా అల్లి ఎరగడు. స్తంభాలెక్కడం తప్ప ఇంకేదీ రాదు.

"వచ్చిండు," అన్నాడు.

అరుగు కింద కదలిక ఆగిపోయింది.

"ఆమె కొలిమి ముట్టిచ్చింది గదా. పొగ లేసింది. ఆయన శానా దూరంల ఉన్నడు, ఏదో గుట్ట మీద. అక్కడికెల్లి పొగ చూసిండు. గది మా ఇంటి పొగనే అని గుర్తువట్టిండు. నడుసుకుంట వచ్చిండు. గడ్డం పెరిగింది, బక్కగయిండు. ఊళ్లె ఎవరు గుర్తువట్టలే. ఆమె గుర్తువట్టింది."

కొండమ్మ ఆ మాటలు కోయలో చెప్పింది. చెబుతూ చెబుతూ మధ్యలో కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి వెంకమ్మ పెదవులు కదిలాయి. చాలా చిన్న మాట. సతీష్ కొండమ్మ వైపు చూశాడు.

"అన్నం తిన్నడా అని అడుగుతుంది."

"తిన్నడు," అన్నాడు సతీష్. "ఆమెనే వండి పెట్టింది. కడుపు నిండ తిన్నడు."

ముసలమ్మ గుంజ మీంచి చేయి తీసి ఒళ్లో పెట్టుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు కిషోర్ రోడ్డెక్కే చోట, బస్సు ఆగే స్టేజీ దగ్గర బండి ఆపాడు. అక్కడ కిరాణా కొట్టు ముందు వేపచెట్టుకు ఒక సైకిలు ఆనించి ఉంది. కొట్టు నడిపే ఆమె వాళ్లు చూడటం గమనించి బయటికి వచ్చింది. అది జంపయ్యదట. పొద్దున ఇక్కడ పెట్టి బస్సెక్కేవాడు, సాయంత్రం దిగి తీసుకుపోయేవాడు. ఆ సోమవారం పెట్టింది పెట్టినట్టే ఉంది. తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఇంట్లో వెతికారు, దొరకలేదు. పగలగొట్టడానికి ఎవరికీ మనసొప్పడం లేదు.

సతీష్ దగ్గరికి వెళ్లి చూశాడు. సీటుకు ఖాళీ నూనె ప్యాకెట్టు కవరు చుట్టి ఉంది. మూడు వేపాకులు దాని మీద పడి ఎండాయి. ముందు చక్రం ఇంకా గూడెం దారి వైపే తిరిగి ఉంది.